దాక మీద మూత

కటోంగో దొంగ. సంపా రోజూ పొద్దున పని మొదలుపెట్టేది ఆ మాటతోనే. పైకి అనడు. ఇసుక జల్లెడ పడుతూ, జల్లెడ ఊపుకు సరిపోయేలా లోపలే అనుకుంటాడు. ఆ తర్వాత చెక్క అచ్చులో ఇసుక దట్టిస్తూ, ఒక్కో పోటుకు ఒక్కో వస్తువు లెక్కపెడతాడు. కఫుబు వాగు పక్కన రెండున్నర ఎకరాలు, ఒక సైకిలు, ఒక కుట్టుమిషను, ఐదు దాకలు. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఇదే వరస.

ఆ శనివారం మాత్రం నాలుగో పోటు దగ్గర చెయ్యి ఆగింది. ఐదు కాదు, నాలుగే. ఒకటి తిరిగొచ్చింది. కొట్టు మూల గోనెపట్టా కింద ఉంది.

రాగిగనుల ఊరు లుయాన్ష్యలో బజారు చివర రేకుల కొట్టు అతనిది. తుక్కు సత్తు కరిగించి దాకలు పోత పోస్తాడు. పొట్టి మనిషి. కరిగిన లోహం చింది ముంజేతుల నిండా మినపగింజలంత తెల్లమచ్చలు. ఎడమ కనుబొమ్మ ఎప్పుడో కాలిపోయింది, మళ్ళీ మొలవలేదు. ఆ మొహంతో అతను నవ్వినా ఏదో అనుమానిస్తున్నట్టే ఉంటుంది. నవ్వేది ఎటూ తక్కువే. యాభై రెండేళ్ళలో అతని గురించి బజారులో ఎవరైనా చెప్పుకున్నది ఒకటే: సంపా పోసిన దాక అడుగు మాడదు.

తండ్రి ఆస్తి మేనల్లుడికి పోవడం ఎవరూ కొత్తగా పెట్టిన ఆచారం కాదు. మేనత్త కొడుకు కటోంగో పొలం తీసుకున్నాడు, సైకిలు తీసుకున్నాడు. దానికైతే పెద్దల్లో నలుగురు సై అన్నారు. సంపా కడుపులో మండేది దాకల సంగతి. తండ్రిని మట్టి చేసిన మూడోనాడు మేనత్త ముసెంగె వంటింట్లోకి వచ్చింది. పొయ్యి మీద చిక్కుడు గింజలు ఉడుకుతున్నాయి. వాటిని నేల మీద ఒంపేసి, కాలుతున్న దాకను నడుముకు చుట్టుకున్న గుడ్డ అంచుతో పట్టుకుని వెళ్ళిపోయింది. పద్నాలుగేళ్ళ సంపా ఆ గింజలు ఏరి, కడుక్కుని తిన్నాడు. ఆ నెలలోనే బడి మానేశాడు. దాక మూత మాత్రం దొర్లుకుంటూ మంచం కిందికి పోయి మిగిలిపోయింది. అమ్మ చనిపోయేదాకా నీళ్ళబకెట్టు మీద అదే మూత.

ఇప్పుడు కటోంగో కూతురు బుపెకు పెళ్ళి కుదిరింది. గనిలో పని పోయి కటోంగో నాలుగేళ్ళుగా గోళ్ళు గిల్లుకుంటున్నాడు. కానీ వంటింటి పేరంటం లేకుండా ఆడపిల్లను ఎలా పంపుతారు? నలుగురు ఆడవాళ్ళు గిన్నె, గరిటె తెచ్చి, ఎలా కాపురం చెయ్యాలో ఆడి పాడి చెప్పాలి. తక్కువలో ఎలా కానిద్దామా అని బుపె తల్లి చర్చిలో సంపా భార్య చోలాను పట్టుకుంది. చోలా ఒక్క కోడితో పాతికమందికి పెట్టగలదని పేరు.

రెండు వారాలు సంపా ఇంట్లో అదే మాట. హాలు వద్దు, పెరట్లోనే. కార్డులు వద్దు, నోటిమాట చాలు. ముప్పైమంది, ఎవరి పీట వాళ్ళే తెచ్చుకోవాలి. నీడకు చర్చివాళ్ళ టార్పాలిను. సీసా కూల్‌డ్రింకులు వద్దు, మూడిళ్ళలో మొక్కజొన్న గంజి పులియబెట్టి మున్కోయో కాస్తే సరి. సంకటి, ఎండుచేపలు, ఆకుకూర. కోళ్ళు రెండే, అవి పెళ్ళికొడుకు వాళ్ళకు. అందరికీ ఒకే రంగు గుడ్డ కొనే పనిలేదు, ఉన్నదాంట్లో ఉతికింది కట్టుకుంటే చాలు. దాకల సంగతి కూడా చోలా తేల్చేసింది: కొత్తవి కొనడమెందుకు, ఇంట్లో చిల్లుపడ్డవీ సొట్టపోయినవీ పోగుచేసి మా ఆయనకివ్వండి, పోత కూలితో పోతుంది.

అలా వచ్చిన గోనెసంచి విప్పితే అన్నిటికంటే అడుగున ఉంది అది. పెద్ద దాక. చెవి కింద మేకుతో గీసిన మూడు గీతలు. చావు జరిగిన ఇళ్ళకు వంటకని ఎరువిచ్చినప్పుడు మారిపోకుండా అమ్మ గీసుకున్న గుర్తు. సంపా దాన్ని మూసలో వెయ్యలేదు. మిగతా తుక్కుతో నాలుగు దాకలు పోశాడు. కటోంగో దగ్గర కూలి పైసా తీసుకోలేదు. ఇంటి నుంచి మూత తెచ్చి పెట్టి చూశాడు. ఇన్నేళ్ళ తర్వాత కూడా బిగుతుగా కూర్చుంది.

ఆ రాత్రే చోలాకు ఒక సలహా ఇచ్చాడు. పాటల మిషను అద్దె దండగ. దాని బదులు ప్రతి ఆడదీ తను తెచ్చిన వస్తువు ఎక్కడిదో, దాని కథేమిటో నిలబడి చెప్పమను, ఖర్చు ఉండదు, నవ్వుకోవడానికీ ఉంటుంది. ఆడవాళ్ళకు అది తెగ నచ్చింది. పెళ్ళికూతురికి బుద్ధులు చెప్పే పెద్దామె కూడా ఒప్పుకుంది. హాలు లేకపోవడం సంపాకు మరీ నచ్చింది. గడ్డిదడి అవతల వీధంతా వింటుంది.

శనివారం మధ్యాహ్నం మెరుగుపెట్టిన నాలుగు దాకలూ తోపుడుబండిలో పేర్చాడు. ఐదోదాన్ని మూతతో సహా పచ్చగుడ్డలో మూటగట్టి చోలా చేతికిచ్చాడు. ఏం చెప్పాలో మూడోసారి చెప్పించుకున్నాడు.

"ఆ పిల్ల అప్పటికి పుట్టనైనా లేదు," అంది చోలా. "దాని పెళ్ళిలో దాని మొహాన కొట్టమంటావా?"

"దాని మొహాన కాదు. వాళ్ళ నాయనమ్మ మొహాన. చిక్కుడు గింజల మాట మర్చిపోకు."

చోలా మూట నెత్తికెత్తుకుంది. బండికి ముందు నడిచింది.

గుమ్మం దగ్గర కటోంగో ఎదురొచ్చాడు. ఒకప్పటి బొజ్జ పోయి చొక్కా గాలికి ఊగుతోంది. దాకల్ని వేలితో టంగుమనిపించాడు.

"బాగా మోగుతున్నాయి బావా. నీకంటే ఇవే ఎక్కువ మాట్లాడుతున్నాయి."

"ఇంకాసేపాగు బావా. ఇంకా మాట్లాడతాయి."

కటోంగో నవ్వాడు. బావల మధ్య ఎకసెక్కం ఎప్పుడూ ఉన్నదే. మగవాళ్ళకు లోపలికి ప్రవేశం లేదు కనుక ఇద్దరూ వీధిలో దడికి ఆనుకుని కూర్చున్నారు. కటోంగో తన మున్కోయోలో సగం పోసి ఇచ్చాడు. సంపా పుచ్చుకున్నాడు, తాగలేదు.

దడి సందులోంచి కొంచెం కనిపిస్తోంది. చాప మీద గుడ్డ కప్పుకుని పెళ్ళికూతురు. పక్కన కుర్చీలో మేనత్త ముసెంగె. చూపు పోయి ఆరేళ్ళయింది. మెడ కోడిమెడలా సన్నబడింది. చేతులు మాత్రం అవే, పెద్ద చేతులు. డప్పు మొదలైంది. ఒకామె గరిటె ఊపుతూ ఆడి, అది తన అత్త తనను కొట్టిన గరిటె అని, ఇక మీదట సంకటికే వాడమని చెప్పింది. ఆడవాళ్ళు విరగబడి నవ్వారు. కటోంగో కూడా దడి ఇవతల నవ్వాడు. ఇంకొకామె జల్లెడ. ఇంకొకామె చాట. సంపా వేళ్ళు మడుస్తూ లెక్కపెడుతున్నాడు. చోలా పన్నెండోది.

పదకొండోది అయింది. డప్పు జోరందుకుంది. చోలా గొంతు కోసం చెవులు రిక్కించాడు. గొంతు రాలేదు. డప్పు ఒక్కసారిగా ఆగింది. వినేశారనుకున్నాడు. అప్పుడు లేచింది ఏడుపు. అది తగాదా అరుపు కాదు. ఆ ఊళ్ళో ఎవరికైనా తెలిసే చావు ఏడుపు. కటోంగో చేతిలో గ్లాసు వదిలేసి లోపలికి పరిగెత్తాడు.

చాలాసేపటికి చోలా దడి దగ్గరికొచ్చింది. ఉత్త చేతులు.

"చెప్పావా?"

"చెప్పనిచ్చిందెక్కడ? పెద్ద దాక వస్తే ముందు నాయనమ్మ ఒళ్ళో పెట్టాలి, ఆవిడ దీవించాక కథ. అది లోపలి పద్ధతి, నీకేం తెలుసు. ఒళ్ళో పెట్టాను. తడిమింది. చెవి కింద గీతల దగ్గర వేలు ఆగింది. ఎవరు తెచ్చారంది. సంపా భార్యనన్నాను. 'గింజలు ఒంపేశాను' అంది. అంతే. దాక మీద తల ఆనించింది. దీవిస్తోంది కాబోలనుకున్నాం. మళ్ళీ తల ఎత్తలేదు."

"ఎవరు విన్నారు?"

"నేను."

"నువ్వొక్కదానివేనా?"

"డప్పు మోగుతోంది కదా."

సంపా ఉమ్మేశాడు. ముప్పై ఎనిమిదేళ్ళు దాచుకున్నది, చివరికి తన పెళ్ళానికొక్కదానికే వినిపించింది. ముసలిది అక్కడా మిగల్చలేదు. ఒప్పుకుని మరీ జారిపోయింది.

కటోంగో ఏడుస్తూ వచ్చి అతని చెయ్యి పట్టుకున్నాడు. ఆ ముప్పైమందీ ఇక కదలరని, పొద్దుగూకేలోగా ఇంకో వందమంది వస్తారని అన్నాడు. "నీ ఇంటి నుంచి పెద్ద దాక వచ్చిందట బావా. దేవుడే పంపాడు. అప్పుడే సంకటికి పొయ్యి మీద పెట్టారు."

సంపా దడి సందులోంచి చూశాడు. నిజమే. పేరంటం కోసం వెలిగించిన పొయ్యి మీదే ఉంది. నీళ్ళు మరుగుతున్నాయి. చెప్పాల్సిన మాటంతా నోటిదాకా వచ్చింది. కానీ చావింట్లో పొయ్యి మీది దాక దించిన మనిషి ఒకతె ఉంది, లోపల చాప మీద పడుకోబెట్టారు. రెండోవాడు తను కాలేడు. ఇక్కడినుంచి ఆ దాక మరో చావింటికి, అక్కడినుంచి ఇంకో ఇంటికి పోతుంది. అడగడానికి ఇక మొహం ఉండదు.

"అడుగు మాడదు బావా," అన్నాడు. "నీ జన్మలో మాడదు."

కటోంగో దాన్ని దీవెన అనుకుని తల ఊపాడు.

చోలా చావింట్లోనే ఉండిపోయింది. ఖాళీ బండి తోసుకుంటూ సంపా ఒక్కడే కదిలాడు. సంకటి కెలకడానికి అడ్డమని ఎవరో మూత తీసి దడి మొదట్లో ఇటుకకు ఆనించారు. దాని లోపలివైపు ఆవిరి చుక్కలు ఇంకా జారుతున్నాయి. గతుకుల్లో బండి చక్రం ఒక్కో దెబ్బ వేస్తుంటే జాబితా దానంతటదే మొదలైంది. కఫుబు వాగు పక్కన రెండున్నర ఎకరాలు. ఒక సైకిలు. ఒక కుట్టుమిషను. ఐదు దాకలు. ఒక మూత.