మూరెడు దూరం

పోయినవాళ్లు ఏటా ఇంటికి వచ్చి వెళ్లే బోన్ పండుగకు ఇంకా తొమ్మిది రోజులుంది. ఎయిసకు భార్య ఫుమియే పోయాక ఇదే మొదటి బోన్. ఇంటికి వచ్చే ఆమె కోసం పీఠం మీద నల్ల రెక్కల తూనీగ ఫొటో పెట్టాలని ఎయిసకు పట్టుబట్టాడు. బోన్ రోజుల్లో మా మిషిమా ఊళ్లో తూనీగను ఎవరూ పట్టరు. పోయినవాళ్లు దాని మీదే వస్తారంటారు. ఫుమియే మూడు వేసవులు ఆ తూనీగ కోసమే కెమెరాతో సెలయేటి గట్టున తిరిగింది. ఒక్క ఫొటో కూడా గోడకెక్కలేదు.

ఎందుకో ఎయిసకుకు పోయిన నెలలో గానీ తెలియలేదు. ఆమె కెమెరా తెరిచి చూస్తే వందలకొద్దీ ఫొటోలు, అన్నీ ఖాళీ రెల్లు పుల్లలే. ఈవిడకు ఈ పుల్లల పిచ్చి ఎప్పుడు పట్టుకుందా అనుకున్నాడు. తీరా చూస్తే కొన్నిటిలో పుల్ల ఊగుతూ మసగ్గా పడింది. తూనీగ అప్పుడే ఎగిరిపోయిందన్నమాట. ఆ ఫొటోల్లో ఒక్కటి కూడా ఆమె చెరిపేయలేదు.

అందుకే ఆ కెమెరా పట్టుకుని, కురమోతో అనే ఆయన నడిపే పాత కెమెరాల కొట్టుకు వచ్చాడు. కొట్టాయన కెమెరాకున్న లెన్స్ విప్పి, లోపలికి చిన్న టార్చి వేసి చూసి, దేన్ని ఫొటో తీస్తారని అడిగాడు. తూనీగనని, దగ్గరికెళ్తే ఎగిరిపోతుందని ఎయిసకు చెప్పాడు. కొట్టాయన అద్దాల బీరువాలోంచి చిన్నవాటిని పెద్దగా చూపే పొడవాటి మాక్రో లెన్స్ ఒకటి తీసి, బల్ల మీద ఇత్తడి గంట ఒకటి పెట్టి, రెండు లెన్సుల్లోంచీ చూడమన్నాడు. రెండింట్లోనూ గంట అంతే పెద్దగా కనిపించింది. కాకపోతే కెమెరాకున్న పొట్టి లెన్స్‌తో జానెడు దూరానికి వంగాల్సి వచ్చింది. పొడుగుదానితో మూరెడు దూరం సరిపోయింది.

"బొమ్మలో తేడా ఏం లేదండీ. మీరెక్కడ నిలబడతారన్నదే తేడా. పురుగులు తీసేవాళ్లు పొడుగుదే పట్టుకెళ్తారు. ఈ పొట్టిది పువ్వులకి బాగుంటుంది."

ఎయిసకు ముఖం వేడెక్కింది. ఆ పొట్టి లెన్స్ ఆయన ఎంచి తెచ్చిందే. ఆమె అరవయ్యో పుట్టినరోజుకు, ఎవరినీ ఒక్క మాటైనా అడగకుండా, వేరే ఊళ్లో కొన్నాడు. ఆమెకు భుజం నొప్పి కదా, తేలిగ్గా ఉంటే మంచిదని ముల్లంగి దుంపలు బేరమాడినట్టు అరచేతిలో ఎత్తి చూసి మరీ తెచ్చాడు మహానుభావుడు. పొట్లం విప్పి ఆమె, సరిగ్గా నాకు కావలసిందే అంది. మా వైపు కానుక విప్పినవాళ్లు ఇంకో మాట అనరు. ఆయన మాత్రం తక్కువ తిన్నాడా? పెళ్లయిన కొత్తలో ఆమె వండిన తీపి గుమ్మడికాయ కూరను ఇంత బాగా ఎవరూ వండరని పొగిడి, ముప్ఫై ఆరేళ్లు వారం వారం అదే తిన్నాడు.

ఇంతలో కురమోతో చెయ్యి కెమెరా పట్టీ దగ్గర ఆగింది. పాత నీలం కిమోనో గుడ్డతో ఫుమియే కుట్టుకున్న పట్టీ అది. ఆవిడ కులాసాయేనా అని అడిగాడు. చలికాలంలో పోయిందని ఎయిసకు చెప్పాడు. కొట్టాయన తల వంచి దణ్ణం పెట్టాడు. తరువాత మెల్లగా చెప్పాడు. ఏటా వేసవి మొదట్లో ఆవిడ వచ్చేదట. ఈ పొడుగు లెన్స్ తీసుకుని గంటను చూసి, మళ్లీ బల్ల మీద పెట్టేసేదట.

"పొట్టిది నాకిచ్చి ఇది తీసుకెళ్లమన్నానండీ. వద్దన్నారు. 'నా భుజం సంగతి తలుచుకుని మా ఆయన తెచ్చింది, మారిస్తే చిన్నబుచ్చుకుంటారు. తూనీగ దగ్గరికి ఎలా వెళ్లాలో నేర్పండి చాలు' అన్నారు."

నీడ పడకుండా, ఊపిరి బిగబట్టి, మోకాళ్ల మీద అంగుళం అంగుళం జరగాలని కురమోతోయే నేర్పాడట. ఆ మోకాళ్లు ఎయిసకుకు తెలుసు. రాత్రుళ్లు వాటికి మందు పట్టీలు అంటించింది ఆయనే. అరవై దాటాక ఈ పాకులాట ఏమిటని విసుక్కున్నదీ ఆయనే. ఆమె నవ్వి ఊరుకునేది.

"నేను చిన్నబుచ్చుకునేవాణ్ణా?" అని అడిగాడు.

కురమోతో గంటను పక్కకు జరిపాడు. పొడుగు లెన్స్‌ను కెమెరాకు బిగించి ఇచ్చాడు. పొట్టిది ఇక్కడే ఉంచెయ్యమంటారా అంటే, ఎయిసకు దాన్ని చొక్కా జేబులో వేసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే సెలయేటికి వెళ్లాడు. సాయంత్రం దాకా పడుతుందేమోనని అన్నం ముద్దలు కూడా కట్టుకున్నాడు. గట్టు దిగేసరికే రెల్లు పుల్ల మీద తూనీగ ఉంది. మూరెడు దూరంలో ఆగి కాస్త వంగాడు. మోకాలు నేలకు తగలనేలేదు. తూనీగ నల్ల రెక్కలు విప్పి ముడిచింది. ఆయన మీట నొక్కాడు. ఫొటో రెక్కల్లోని ఈనెలతో సహా వచ్చింది.

గడియారం చూసుకున్నాడు. వచ్చి పది నిమిషాలైంది. కష్టపడి ఉంటే తట్టుకునేవాడే. ఇంత సుళువని తెలిసేసరికి ఒళ్లో విప్పని అన్నం మూట పెట్టుకుని గట్టు మీద కూలబడి ఏడ్చాడు.

బోన్ నాటి మధ్యాహ్నం పీఠం మీద ఆ ఫొటో పెట్టాడు. పక్కన గుమ్మడికాయ కూర పెట్టాడు. ఆమె పుస్తకంలో రాసుకున్న కొలతల ప్రకారం తనే వండాడు, చక్కెరతో సహా. ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు.

"ఆ లెన్స్ నీకు పనికిరాదని ఒక్క మాట అనుంటే, మర్నాడే మార్చి తెచ్చేవాణ్ణి కదే," అన్నాడు. ఇంకో ముక్క తీసుకుని, "నీ గుమ్మడికాయలో తీపి ఎక్కువ. మొదటి రోజు నుంచీ ఎక్కువే," అన్నాడు.

చిన్నబుచ్చుకోవడానికి ఎదురుగా ఎవరూ లేరు. గిన్నెలో మిగిలిన ముక్కలన్నీ ఆయనే తిన్నాడు.