రోజుకో బిందె నీళ్ళు

కాజాలు కుట్టే ఆవిడకి ఆటల పిచ్చేమీ లేదు. ఫోన్‌లో ఆ తోట ఆటని రెండేళ్ళుగా వదలకపోవడానికి కారణం ఒక్కటే. రోజూ పొద్దున్నే అందులో కూతురు ఒక బిందె నీళ్ళు పంపేది, ఈవిడ తిరిగి ఒక బిందె పంపేది. మాటా పలుకూ లేదు. నచ్చినవాణ్ణి చేసుకుని వెళ్ళిపోయిన పిల్ల నంబరు కూడా మార్చేసింది. వెళ్ళకముందు తల్లి ఫోన్‌లో తను పెట్టిన ఆ ఆటొక్కటే మిగిలింది.

"దాని ఊసెత్తితే మళ్ళీ నీ గడప తొక్కను" అని తమ్ముడు ఆనాడే తెగేసి చెప్పాడు. మొగుడు పోయాక ఈవిడకి పెద్ద దిక్కు వాడే. అందుకని నోరు కుట్టేసుకుంది. కుట్టుపని ఆవిడకి అదేం కష్టం!

సోమవారం ఆట తెరుచుకోలేదు, కొత్త వెర్షన్ వేసుకోమంది. స్టోర్‌లో చూస్తే ఈ ఫోన్ పాతది, కుదరదంది. బయటి నుంచి ఫైలు తెచ్చి ఎక్కించడంలో దిట్ట ఎవరయ్యా అంటే, ఫోన్ల షాపు నడిపే ఆ తమ్ముడే. రెండు రోజులు తటపటాయించి వెళ్ళింది.

"ఇన్నాళ్ళు ఆగి ఇప్పుడొస్తావా? పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అన్నారా" అని నవ్వుతూ వాడు ఫైలు దింపి నొక్కాడు. ఎక్కలేదు.

"పాతది ఉండగా ఇది ఎక్కదక్కా. తీసేస్తా. ఆడిందంతా పోతుంది, పర్లేదా?"

"ఆడింది పోతే పోనీ. అందులో మనవాళ్ళు ఉంటారా?"

"ఆటలో మనవాళ్ళెవరక్కా?" వాడు తలెత్తి చూశాడు.

పేరు కూడా అక్కర్లేదు, 'నా కూతురు' అంటే చాలు. మాట పెదాల దాకా వచ్చింది. వాడి మొహం చూసేసరికి ధైర్యం కాస్తా చచ్చింది.

"ఎవరూ లేర్లే" అంది.

వాడు తీసేశాడు. కొత్తది ఎక్కింది. ఖాళీ మడి, పైన ఈవిడ పేరు బదులు ఎవరిదో కొత్త పేరు. స్నేహితుల జాబితాలో ఒక్కరూ లేరు.

"ఇది స్టోర్‌లో దొరికేది కాదు" అన్నాడు వాడు మురిసిపోతూ. "నీళ్ళు ఎంత పోసినా అయిపోవు. ఇంక ఎవర్నీ అడుక్కునే పని లేదు."

"మంచిదిరా" అంది.

మర్నాడు పొద్దున కూడా కూతురు బిందె పంపే ఉంటుంది. తిరుగు బిందె రాదు. నాలుగు రోజులు చూసి, అమ్మ కూడా చివరికి మామయ్య వైపే తిరిగిందనుకుంటుంది. అనుకోదూ మరి? షాపులో నిలబడి ఎవరూ లేరన్నది ఈవిడే కదా.