టీ తొణకని బండి

అబుదాబి పక్కన ముసఫ్ఫాలో మా గ్యారేజీకి ఒక పరీక్ష ఉంది. పని పూర్తయిన బండిని స్టార్ట్ చేసి, ఇంజన్ మీద నిండా పోసిన చిక్కటి కరక్ టీ గ్లాసు పెడతాం. టీ తొణికితే బండి గేటు దాటదు. ఈ పరీక్ష పెట్టింది నేనే. "టీ గ్లాసు ఉస్తాద్ ఎక్కడ?" అని అడుగుతూ ఎక్కడెక్కడి నుంచో వచ్చేవాళ్లున్నారు. అందుకని నాకు కాస్త పొగరు కూడా ఉంది. ఆ సంగతి మా వెంకటరాజు బావకి బాగా తెలుసు. తెలిసీ నా దగ్గరికే వచ్చాడు, అదే ఆయన చేసిన పొరపాటు.

బావ అంటే చుట్టం కాదు. ఇద్దరిదీ ముమ్మిడివరం పక్క. ఊళ్లో ఒకరి మొహం ఒకరం ఎరగం, ఇక్కడికొచ్చాకే బావా అంటే బావా అనుకున్నాం. ఆయన అల్ ఐన్‌లో ఒక ఎమరాతీ పెద్దాయన ఇంట్లో డ్రైవరు. పెద్దాయన అసలు పేరు చాలా పొడుగు. వంటామె దగ్గర్నుంచి వీధి చివర కొట్టువాడి దాకా అందరూ ఆయన్ని బాబా అనే అంటారు.

ఒక శుక్రవారం పొద్దున్నే బావ బస్సు దిగి తిన్నగా గ్యారేజీకి వచ్చాడు. టీ చేతికిచ్చినా తాగలేదు.

"ఒరేయ్ అయ్యప్పా, నా వీసా కేన్సిల్ చేసేత్తన్నార్రా. బాబాకి షుగరొచ్చి కళ్లు పోయాక ఇంక బయటికెళ్లేదేముంది? కొడుకులకి ఎవరి డ్రైవర్లు ఆళ్లకున్నారు. ఆళ్ల తప్పేం లేదులే."

"మరింకేంటి బావా? ఇంటికెళ్లి హాయిగా పడుకో."

"పడుకుంటాలేరా. కానీ వెళ్లేలోపు బాబాని ఆ పాత మస్టాంగ్ కార్లో ఒక్కసారి కూర్చోబెట్టాలి. స్టార్ట్ చేసి ఆయన పక్కన నేను కూర్చుంటాను. అంతే. ఇంకేం అక్కర్లేదు నాకు."

ఆ బండి గురించి ఆయన నోట వందసార్లు విన్నాను. బాబా కుర్రతనంలో కొన్నది. ఎనిమిది సిలిండర్ల ఇంజను, ముందుకి పొడుచుకొచ్చిన బోనెట్టు. ప్రతి శుక్రవారం నమాజు అయ్యాక బాబా దాంట్లో జబల్ హఫీత్ కొండ దాకా వెళ్లొచ్చేవాడట. మోకాళ్లు పట్టేశాక స్టీరింగు బావకిచ్చి తను పక్క సీట్లో కూర్చునేవాడు. కరోనా ఏడాది బండి షెడ్డులోకి వెళ్లింది, మళ్లీ బయటికి రాలేదు. ఆ రోజుల్లోనే బాబా చూపూ పోయింది.

"తెచ్చెయ్ బావా. కొత్త పెళ్లికూతుర్ని చేసి పంపుతాను," అన్నాను.

బాబా పెద్దకొడుకు సరేనన్నాడు. రికవరీ ట్రక్కు మీద బండి వచ్చింది. టైర్లు గాలి పోయి చితికిపోయాయి, సీట్లలో ఎలుకలు కాపురం పెట్టాయి, ట్యాంకులో పెట్రోలు బురదైపోయింది. నిజం చెప్పొద్దూ, నాకు చెప్పలేనంత సంతోషం కలిగింది. ఎంతసేపూ పికప్పులూ డెలివరీ వ్యాన్లూ బాగుచేసే చేతికి అలాంటిది ఎన్నాళ్లకి దొరుకుతుంది?

బావ సెలవు దొరికినప్పుడల్లా వచ్చేవాడు. నేను బండి కింద పడుకుంటే టార్చి పట్టుకునేవాడు. వెలుగు నాకు కావలసిన చోట తప్ప అన్నిచోట్లా వేసేవాడు. నేను కసిరితే నవ్వేవాడు. ట్యాంకు కడిగి, కార్బురేటర్ విప్పి శుభ్రం చేసి, కొత్త బ్యాటరీ పెట్టాక ఒక సాయంత్రం బండి అందుకుంది.

గడ్-గడ్... గడ్. గడ్-గడ్... గడ్.

కుంటోడు పరిగెత్తినట్టుంది. బండి మొత్తం ఊగుతోంది. అద్దాలు గలగలలాడుతున్నాయి. నా మొహం మాడిపోయింది. బావ మాత్రం టార్చి కింద పెట్టి రెండు చేతులూ బోనెట్టు మీద ఆనించాడు.

"ఇదేరా! ఇదే చప్పుడు!"

"ఇది చప్పుడు కాదు బావా, జబ్బు," అన్నాను.

"అంతేనంటావా? ఎప్పుడూ ఇలాగే ఉండేదిరా."

"ఎప్పట్నుంచో ఉన్న జబ్బన్నమాట. నీకు టీ గ్లాసు పరీక్ష చేసి చూపించనా?"

గ్లాసు తెచ్చి పెట్టాను. పెట్టీ పెట్టగానే సగం టీ ఒలికి ఇంజను మీద పడి చుయ్యిమంది. నేను కోర్టులో కేసు గెలిచినవాడిలా బావ వంక చూశాను. ఆయన తల గోక్కుని, "నీకు తెలిసినంత నాకేం తెలుసురా. నువ్వెలాగంటే అలాగే," అన్నాడు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆ మాట ఇప్పుడు రోజుకోసారి అనుకుంటాను.

ఇంజను విప్పాను. లోపల వాల్వులు ఎప్పుడు తెరుచుకోవాలో, ఎప్పుడు మూసుకోవాలో నడిపించే కడ్డీ ఒకటి ఉంటుంది, క్యామ్ అంటాం. అది కంపెనీది కాదు. రేసుల్లో వాడే రకం. జబ్బు ఎక్కడుందో దొరికిపోయింది.

"ఏ గాడిద వేశాడో చూడు బావా! ఇంటి బండికి ఇలాంటిది వేస్తారా ఎవరైనా? వాడు కనిపిస్తే రెండు పీకుదును."

బావ కూడా నాతోపాటు ఆ గాడిదని తిట్టాడు.

కంపెనీ రకం కడ్డీ తెప్పించి వేశాను. వేశాక ఊరుకుంటానా? కార్బురేటర్ తీసేసి, ఇప్పటి బండ్లలో ఉండే ఫ్యూయల్ ఇంజెక్షన్ బిగించాను. ఇంజను కింద కొత్త రబ్బర్లు, వెనక కొత్త సైలెన్సర్లు, అడుగున చప్పుడు మింగేసే షీట్లు. సీట్లు కొత్తవి కుట్టించాను. ఏసీ పెట్టించాను. ఒకటి చేస్తే పక్కది పాతగా కనిపించేది, దాన్నీ మార్చేవాణ్ని. స్నేహితుడికి చేస్తున్నాననే మాట నిజమే, కానీ సగం నా ముచ్చట కోసమే చేశాను. తీసేసిన సామాను మూలన పడి ఉంటే చూడలేక, స్క్రాప్ లారీ వచ్చినప్పుడు నా చేత్తో నేనే ఎత్తి పడేశాను.

పని పూర్తయిన రోజు బండి స్టార్ట్ చేసి అంచు దాకా టీ పోసిన గ్లాసు పెట్టాను. టీ మీద మీగడ కూడా చెదరలేదు. కుర్రాళ్లంతా చప్పట్లు కొట్టారు. బావ దగ్గరికొచ్చి, చెవి బోనెట్టు దగ్గర పెట్టి విన్నాడు.

"బాగుందిరా," అన్నాడు కాసేపాగి.

ఆ కాసేపు ఎందుకు ఆగాడో నేను అడగలేదు. నోట మాట రాలేదనుకున్నాను. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి, శుక్రవారం ఇద్దరం కలిసి అల్ ఐన్ బయల్దేరాం. దారంతా నేనే మాట్లాడాను. మర్నాడే బావ ఊరికి ప్రయాణం.

ఇంటి ముందు బండి ఆపి, బావ లోపలికెళ్లి బాబాని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడాయన. పాదాల దాకా ఇస్త్రీ చేసిన కందూరా, చేతిలో కర్ర. నేను బోనెట్టు ఎత్తి ఉంచి, వంటామె ఇచ్చిన టీ గ్లాసు ఇంజను మీద పెట్టి బండి లోపల కనిపించేలా పక్కగా నిలబడ్డాను. కళ్లు లేని మనిషికి ఏం చూపిద్దామనో! నా తెలివి అలా ఏడిసింది.

బాబా తలుపు తడుముకుని కూర్చున్నాడు. అరచేత్తో సీటు రుద్దాడు. మాతో ఆయన హిందీలోనే మాట్లాడతాడు.

"కొత్తదా?"

"ఔను బాబా. అంతా కొత్తదే," అన్నాడు బావ, పక్కన స్టీరింగు ముందు కూర్చుంటూ. తాళం తిప్పాడు. ఒక్క తిప్పుకే ఇంజను అందుకుంది. నేను మురిసిపోయాను.

బాబా రెండు చేతులూ డ్యాష్‌బోర్డు మీద పెట్టుకుని తల కొంచెం వంచి కూర్చున్నాడు. అలాగే ఉన్నాడు. దేనికోసమో ఎదురుచూస్తున్నాడని తెలుస్తోంది గానీ దేనికోసమో నాకు తట్టలేదు.

"యల్లా, రాజూ," అన్నాడు చివరికి. "ఏసీ బాగానే వస్తోంది. ఇంక బండి స్టార్ట్ చెయ్యి."

బావ పక్క కిటికీలోంచి నా వంక చూశాడు. ఆ చూపు నేను చచ్చేదాకా మర్చిపోను.

"స్టార్ట్ అయ్యే ఉంది బాబా."

బాబా చేతులు డ్యాష్‌బోర్డు మీద ఇంకా గట్టిగా అదిమాడు. బావ కంగారుగా యాక్సిలరేటర్ తొక్కాడు. రోడ్డు మీద పోయే ప్రతి కొత్త బండీ అరిచినట్టే ఇదీ అరిచి ఊరుకుంది.

"జైన్, జైన్, బాగుంది," అన్నాడు బాబా. మర్యాద గల మనిషి. కాసేపయ్యాక మెల్లగా, "ఉస్తాద్, లోపల క్యామ్ మార్చావా?" అని అడిగాడు.

"మార్చాను బాబా. ఎవరో తప్పుడుది వేసి..."

"నేనే వేశాను."

నేను ఇంజను వంక చూశాను.

"అమెరికా నుంచి ఓడలో వచ్చింది. నా చేతుల్తో నేనే బిగించుకున్నాను," అన్నాడాయన. "బండి వీధి మొదట్లో ఉండగానే ఆ చప్పుడు ఇంట్లోకి వినబడేది. మా ఆవిడ మరియం గహ్వా కాఫీ పొయ్యి మీద పెట్టేది. నేను లోపలికొచ్చేసరికి పొంగేది. ఆవిడ పోయాక కూడా శుక్రవారం వీధి మొదట్లో కొంచెం నెమ్మదిగా పోనిమ్మనేవాణ్ని. రాజూకి తెలుసు."

"తెలుసు బాబా," అన్నాడు బావ. "నెమ్మదిగా అనేవారు. ఎందుకో తెలీదు నాకు."

"పాతది ఉందా, ఉస్తాద్?"

"స్క్రాప్‌కి పంపేశాను బాబా."

"ఖలాస్," అన్నాడు.

అంతే. కోపం లేదు. నాలుగు తిట్టి ఉంటే నా ప్రాణం తేలికపడేది. మెకానిక్కుగా ఇన్నేళ్లలో నేను చెడగొట్టిన బండి ఇదొక్కటే, అదీ ఏ తప్పూ లేకుండా బాగుచేసి. ఆ గాడిదని పీకుతానన్న మాట గుర్తొచ్చి సిగ్గుతో తలెత్తలేకపోయాను.

బాబా దిగిపోతాడనుకున్నాను. దిగలేదు. బావ భుజం వెతుక్కుని దాని మీద చెయ్యి వేశాడు.

"రాజూ, నీకు గుర్తుందా అది ఎలా అనేదో?"

బావ గొంతు సవరించుకున్నాడు. నెరిసిన మీసాలు, ఒంటి మీద ప్రయాణానికని కొన్న కొత్త చొక్కా. సిగ్గుపడుతూ నోటితో అన్నాడు.

"గడ్... గడ్... గడ్."

"లా, లా, అలా కాదు. మొదటి రెండూ కలిసి రావాలి. మూడోది ఆలస్యంగా."

"గడ్-గడ్... గడ్."

"ఇంకా ఆలస్యంగా."

"గడ్-గడ్..... గడ్."

బాబా కళ్లు మూసుకున్నాడు. బావ సిగ్గు వదిలేశాడు. ఒక చేత్తో డ్యాష్‌బోర్డు కుదుపుతూ, మరో చెయ్యి స్టీరింగు మీద ఉంచి, వీధి మొదట్లో నెమ్మదించినట్టు నెమ్మదిస్తూ అంటూనే ఉన్నాడు. బావ చెంపల మీద నీళ్లు కారుతున్నాయి, లయ మాత్రం తప్పడం లేదు.

ఎత్తి ఉన్న బోనెట్టు చాటున నేను వంగి ఇంజను వైరు ఒకటి పీకేశాను. ఇంజను ఆగిపోయింది. గ్లాసులో టీ అప్పుడు కూడా కదల్లేదు. కార్లో ఉన్న ఇద్దరికీ అది ఆగిన సంగతి తెలియలేదు.