సూది పడని బస్తీ

గోదావరిఖనిలో కంపెనీ క్వార్టర్లు దొరకనివాళ్లు బొగ్గుబావుల వెనక గుడిసెలు వేసుకున్నారు. ఆ బస్తీలో రాజం డాక్టరుకు ఉన్న పరపతి కలెక్టరుకు కూడా లేదు. డాక్టరంటే చదివి అయిన డాక్టరు కాదు. కరీంనగర్‌లో ఎవరో డాక్టరు దగ్గర నాలుగేళ్లు నేల తుడిచి, సీసాలు కడిగి, ఒక స్టీలు డబ్బా, రెండు సూదులు సంపాదించుకుని వచ్చాడు. ఆ డబ్బాలో నీళ్లు పోసి స్టవ్వు మీద పెట్టి, అవి కాగీ కాగకముందే దించి, పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా ఆ రెండు సూదులతోనే బస్తీనంతా పొడిచేవాడు. దగ్గుకు సూది, విరేచనాలకు సూది, నడుం నొప్పికి సూది.

జనం కూడా అతనికి తగ్గవాళ్లే. రెండు మైళ్లు నడిస్తే కంపెనీ దవాఖాన ఉంది, కార్మికుల కుటుంబాలకు అక్కడ అంతా ఉచితం. అయినా పోరు. "ఆ డాక్టర్‌కు ఏం తెల్వది. జరమంటే గోలీలిచ్చి తోలుతడు" అని మూతి విరిచేవారు. నొప్పి పెట్టని మందు వాళ్ల దృష్టిలో మందే కాదు. పోలియో చుక్కలు వేసే నర్సమ్మ ఇంటికి వచ్చిన రోజున రాయమల్లు, "నోట్ల రెండు చుక్కలు పోస్తే ఏమైతది? మాకు రాజన్న ఉన్నడు, నువ్వు పో అమ్మా" అని ఆమెను వాకిట్లోంచే పంపించేశాడు. ఇరవై ఏళ్లుగా భూమి లోపల బొగ్గు తవ్వే మనిషికి భూమి మీద సంగతులు తెలియకపోవడం వింతేమీ కాదని అతని కూతురు సమ్మవ్వ అనుకుంది.

సమ్మవ్వకు పదిహేనేళ్లు. ఎడమకాలు పోలియోకు పోయింది. అడుగు వేయాలంటే ఎడమ తొడ మీద అరచేయి నొక్కిపెట్టి, ఒళ్లంతా ఒక పక్కకు వంచి ఆ కాలును ముందుకు తెచ్చుకోవాలి. అలా నడిచే బడికి వెళ్లి ఏడో తరగతి దాకా చదివింది. కొత్తవాళ్ల ముందు నోరు తెరిచేది కాదు. నోరు లేని పిల్లకు చెవులు కూడా ఉండవనుకుని అందరూ ఆమె ముందు అన్నీ మాట్లాడేవారు.

అందరికంటే ఎక్కువ మాట్లాడేది రాజమే. ఆమె ఎక్కడ కనబడినా పక్కవాళ్లను పిలిచి మరీ చూపించేవాడు. "గీ కుంటి సమ్మికి రెండేండ్లప్పుడు జరమొచ్చి కండ్లు తేలేసింది. నా సూదే బతికిచ్చింది. కాలు పోతే పోయింది, పానం దక్కింది గదా!" ఆ మాట వినబడినప్పుడల్లా తల్లి పోశవ్వ చేతులు జోడించేది. కూతురు కూడా జోడించకపోతే డొక్కలో పొడిచేది. సమ్మవ్వ పదమూడేళ్లుగా చచ్చిన కాలితో పాటు ఆ దండాన్ని కూడా మోసింది.

తొంభై ఒకటి వానాకాలంలో బస్తీలో ఇంకో ఇద్దరు పిల్లల కాళ్లు పడిపోయాయి. ఆ వెనకే హైదరాబాదు నుంచి ఒక జీపు వచ్చింది. అందులో అహల్య అనే డాక్టరమ్మ, ఆమె చెప్పింది రాసుకునే మనిషి ఒకడు ఉన్నారు. పోలియో ఎవరికి ఎలా వచ్చిందో పరిశోధన చేస్తున్నారట. రాజం ఇస్త్రీ చొక్కా తొడిగి ఎదురెళ్లి, డాక్టరమ్మకు గొడుగు పట్టి, కుర్చీ వేయించి, పక్కనే నిలబడ్డాడు. కొత్త పెళ్లికొడుకుకు కూడా అంత మర్యాద జరగదు.

ఆ రోజు పొద్దుటి నుంచే సమ్మవ్వ తమ్ముడు, పదకొండు నెలల ఓదెలు ఒళ్లు పెనంలా కాలిపోతోంది. పోశవ్వ కబురు పెడితే, "మేడం పోయినంక వచ్చి సూదేస్త" అన్నాడు రాజం. రాయమల్లుకు రెండో షిఫ్టు, డ్యూటీకి ఇంకా పొద్దుంది. పిల్లాణ్ణి అతని ఒళ్లో వదిలి తల్లీకూతుళ్లు సర్వేకు వచ్చారు.

డాక్టరమ్మ ఒక్కో తల్లిని వరసగా అడిగింది. ఏ కాలు? ఏ వయసులో? జ్వరం వచ్చిందా? కాలు పడిపోయే ముందు నెలలో సూది ఏమైనా వేయించారా?

ఆ చివరి ప్రశ్న రాగానే తల్లులు రాజం మొహం చూసేవారు. రాజమే జవాబు చెప్పేవాడు. "లేదు మేడం."

పదిమంది పిల్లలకూ 'లేదు' అనే రాయించాడు. డాక్టరమ్మ తలెత్తింది. "ఒక్కరికీ సూది పడలేదా?"

"మా బస్తీల జనం సూదంటే భయపడతరు మేడం. ఎవ్వలు ఏసుకోరు."

అక్కడ నిలబడినవాళ్లలో చాలామందికి ఆ వారంలోనే పిర్రల మీద దూది అతికించి పంపించాడు. ఒక్కరు నవ్వలేదు, ఒక్కరు కాదనలేదు. ఇంతమందికి కలిపి ఒక్క నాలుక లేకపోయెనే అని సమ్మవ్వకు అసహ్యం వేసింది.

చివరికి ఆమె వంతు వచ్చింది. డాక్టరమ్మ టేపు తీసి రెండు పిక్కలూ కొలిచి, "ఎడమది రెండంగుళాలు తక్కువ" అని రాయించింది. దర్జీ అయినా లంగా కొలిచేటప్పుడు ఒకసారి మనిషి మొహం చూస్తాడు. ఈమె చూడలేదు. సూది ప్రశ్న పోశవ్వను అడిగింది.

"లేదు మేడం, గీ పొల్లకు నేను సూదే ఏయలేదు" అన్నాడు రాజం.

సమ్మవ్వ అదిరిపడింది. పదమూడేళ్లు ఊరూవాడా డప్పు కొట్టుకున్న సూది! చదువుకున్న డాక్టరు ముందు దాన్ని గర్వంగా చెప్పుకోవాల్సినవాడు ఎందుకు మింగేశాడు? మంచిపని చేసినవాడు దాచుకోడు కదా.

తొడ నొక్కుకుని ఒక అడుగు ముందుకు వేసి అడిగింది. "మేడం, సూది గురించి ఎందుకు అడుగుతున్నరు?"

డాక్టరమ్మ అప్పుడు చూసింది ఆమె మొహం. "పోలియో క్రిమి ఒంట్లో చేరినా చాలామందికి ఉత్త జ్వరం వచ్చి పోతుందమ్మా. కొద్దిమందికే కాలు పడిపోతుంది. ఆ జ్వరంలో కండలోకి సూది గుచ్చితే, గుచ్చిన కాలే పడిపోయే ప్రమాదం పెరుగుతుందని మా అనుమానం. అది తేల్చడానికే తిరుగుతున్నాం."

"నాకు ఏసిండు" అంది సమ్మవ్వ.

"రెండేండ్ల పిల్లకు ఏం యాదుంటది మేడం?" రాజం నవ్వాడు.

"నాకు యాది లేదు కాకా, నువ్వే చెప్పినవు గదా. నీ సూదే నన్ను బతికిచ్చిందని బస్తంత చెప్పినవు. గిప్పుడు నువ్వు బతికియ్యలేదా?"

దొంగకు తేలు కుట్టినట్టయింది రాజానికి. డాక్టరమ్మ పోశవ్వ వైపు తిరిగింది. "నువ్వు చెప్పమ్మా, వేశాడా?"

పోశవ్వ రాజాన్ని చూసింది, నేలను చూసింది. "యాదికి లేదమ్మా."

రాతగాడు 'తెలియదు' అని రాసుకున్నాడు. తల్లి మొహం చూడలేకపోయింది సమ్మవ్వ. తమ్ముడి జ్వరం సంగతి చెబితే డాక్టరమ్మ, "సూది వేయించొద్దు. తడిగుడ్డతో తుడుస్తూ వెంటనే దవాఖానకు తీసుకెళ్లండి. తగ్గాక చుక్కలు వేయించండి" అని చెప్పి జీపెక్కింది. ఇంకా రెండు బస్తీలు ఉన్నాయట.

తల్లీకూతుళ్లు ఇంటికి చేరేసరికి రాజం అప్పటికే వాళ్ల గుడిసెలో డబ్బా తెరిచి కూర్చున్నాడు. పోయిన పరువు ఆ సూదితోనే రాబట్టుకునేలా ఉన్నాడు. రాయమల్లు పిల్లాణ్ణి బోర్లా తిప్పుతున్నాడు. సమ్మవ్వ వాణ్ణి లాక్కుని గోడకు ఆనుకుని కూర్చుని, బాగున్న కాలు మడిచి అడ్డం పెట్టింది.

"ఏందే, దయ్యం పట్టిందా?" అన్నాడు రాయమల్లు.

"సూది వద్దు బాపు. దవాఖానకు తోల్కపోదాం."

"నా డ్యూటీ ఎవలు చేస్తరు? ఊరంత ఒక తొవ్వ, నీదొక తొవ్వనా?" చెయ్యెత్తాడు.

"కొట్టు బాపు. కొట్టినంక గాయినను ఒక్కటి అడగనియ్యి." సమ్మవ్వ రాజం వైపు తిరిగింది. "ఏ కాలుకు ఏస్తవు కాకా? చెప్పి ఏయి. రేపు ఆ కాలు పోతే నేనే ఏసిన అని పదిమంది ముందట ఒప్పుకుంటవా? ఒప్పుకుంట అను, తమ్ముణ్ణి నేనే పట్టుకుంట."

సూది గాలిలోనే ఆగింది. రాయమల్లు ఎత్తిన చేయి దించకుండానే రాజం మొహం చూశాడు. ఇరవై ఏళ్లలో ఆ నోరు జవాబు లేక ఆగడం ఎవరూ చూడలేదు.

"నాకేం అక్కెర?" డబ్బా మూశాడు రాజం. "మంచికి పోతే గిట్లనే ఉంటది. మీ గడప మళ్ల తొక్క."

"తొక్కకు" అంది సమ్మవ్వ.

పోశవ్వ పిల్లాణ్ణి చీరకొంగులో కట్టుకుని బయల్దేరింది. సమ్మవ్వ తొడ నొక్కుకుంటూ వెనక నడిచింది. సగం దూరం పోయాక తల్లి అంది, "ఏసిండు బిడ్డా. ఎడమదిక్కే."

"మేడంకు ఎందుకు చెప్పకపోతివి?"

"చెప్తే, రేపు జరమొస్తే ఎవలొస్తరే?"



దవాఖానలో చిన్న సీసా మందిచ్చారు. "గింత దూరం పోయింది రంగునీళ్లకా?" అని రాయమల్లు ఉమ్మేశాడు. సమ్మవ్వ పొద్దూమాపూ ఓదెలు అరికాళ్లు గోకి చూసింది. వాడు ఒక కాలు లాక్కుని, తర్వాత రెండోది లాక్కునేదాకా ఆమెకు ముద్ద దిగేది కాదు. నాలుగో రోజుకు జ్వరం జారింది. రాజం ఇంటి ముందు మాత్రం జనం తగ్గలేదు. బస్తీలోంచి నర్సమ్మ దగ్గరికి చుక్కల కోసం పోయినవాళ్లు ఓదెలును ఎత్తుకున్న ఈ తల్లీకూతుళ్లే.

ఆ సాయంత్రం సమ్మవ్వ నీళ్లకుండతో లోపలికి రాబోతూ గుమ్మంలో ఆగింది. మొదటి షిఫ్టుకు మారిన రాయమల్లు డ్యూటీ నుంచి వచ్చి ఇంకా కడుక్కోలేదు. పిల్లాడి ముందు వంగి, నల్లటి వేలితో ఒక అరికాలు గోకాడు. వాడు కాలు లాక్కున్నాడు. రెండోది గోకాడు. అదీ లాక్కున్నాడు. మళ్లీ మొదటిది గోకాడు.

కూతుర్ని చూసి గబుక్కున లేచాడు. "రాజం సూదేస్తే ఒక్క దినంల తగ్గేది" అన్నాడు గట్టిగా.

సమ్మవ్వ కుండ దించింది. "చేతులు కడుక్కో బాపు" అంది.