నలభై రోజులు నడిచిన కోటు

నాలుగు రోజుల్లో నేను తీసిన మూడువందల చిల్లర ఫొటోల్లో మా చెల్లెలు చాలా బాగుంది. చిక్కంతా అదే.

ఇరవై ఏళ్ళుగా నాకు ఫొటోలు తీయడమే పని. పాస్‌పోర్టు ఫొటోలు, పెళ్ళిళ్ళు, స్కూలు గ్రూపులు. నా చేతిలో పడ్డాక మొహం మీద మొటిమ ఉండదు, చొక్కా మీద ముడత ఉండదు, వెలుగు పడని మూల ఉండదు. జనం నా దగ్గరికి వచ్చేదే అందుకు. అలాంటివాణ్ణి పట్టుకుని మా చెల్లెలు, "అన్నయ్యా, ఇందులో కథ కనపడాలి," అంటుంది. కథ కావాలంటే పుస్తకం కొనుక్కోవాలిగానీ కెమెరావాణ్ణి అడుగుతారా అని విసుక్కున్నాను. పైకి విసుక్కున్నా లోపల భయంగానే ఉంది.

ఎందుకంటే పోయినేడాది తన అవకాశం చెడగొట్టింది నేనే. నాటకాలకీ సినిమాలకీ దుస్తులు తయారుచేసే ఒక పెద్ద వర్క్‌షాప్ ఏటా పోటీ పెడుతుంది. ఏదైనా వీడియో గేమ్‌లోని పాత్ర దుస్తులు సొంతంగా కుట్టి, అవి వేసుకుని, ఒకే ఒక్క ఫొటో దిగి పంపాలి. నచ్చితే ఆ దుస్తులతో సహా రమ్మంటారు. చేతిపని చూసి ఉద్యోగం ఇస్తారు. పోయినసారి వచ్చిన జవాబు ఒకటే ముక్క: "కుట్టు బాగుంది. ఫొటోలో కథ లేదు." చెల్లెలు ఆ కాగితం నాకు చూపించకుండా దాచింది. మా ఆవిడ తీసి చూపించింది. ఆ రోజు నా మొహంలో నెత్తురు చుక్క లేదు.

చెల్లెలు పదకొండేళ్ళుగా యూనిఫాంలు కుట్టే కంపెనీలో కాలర్లు కుడుతోంది. చొక్కా మొత్తం కాదు, ఒక్క కాలరే. రోజుకి రెండొందల ఎనభై కాలర్లు. ఆ చొక్కాలకి చేతులు ఎవరు అతికిస్తారో, జేబులు ఎవరు వేస్తారో తనకి తెలియదు. "నేను కుట్టిన చొక్కా అని ఒక్కటి చూపించలేను అన్నయ్యా," అంది ఒకసారి. నవ్వుతూనే అంది. ముప్పై అయిదేళ్ళు దాటినవాళ్ళని వర్క్‌షాప్ తీసుకోదు. తనకి వచ్చే నెలలో దాటిపోతుంది. ఫొటో పంపడానికి ఆఖరి గడువు ఆ నాలుగో రోజు సాయంత్రం ఆరు గంటలు.

మూతపడిన పాత మార్కెట్ భవనం మెట్ల మీద తనని నిలబెట్టాను. అయిదు దాకా అయితే ఉండండి అన్నాడు కాపలాదారు. అప్పటికే మూడున్నర. ఆసుపత్రి రిజిస్ట్రేషన్ కౌంటర్‌లో పనిచేసే మా ఆవిడ సెలవు పెట్టి మరీ వచ్చి, తెల్ల థర్మోకోల్ షీటు పట్టుకుని చెల్లెలి మొహం మీదికి వెలుగు కొడుతోంది. చెల్లెలు కుట్టి వేసుకున్న కోటు ఒక వీడియో గేమ్‌లోని పాత్రది. ఆ ఆట పిచ్చి మా ఆవిడకీ ఉంది. భోజనాలయ్యాక వదినా ఆడపడుచూ కలిసి కూర్చుని ఆడతారు. నేను ఎప్పుడూ ఆడలేదు. కథ మాత్రం ఇద్దరూ చెప్పీ చెప్పీ నా చెవులు చిల్లులు పడ్డాయి.

యుద్ధకాలం. ఒకామె ఉత్తరం మోస్తుంటుంది. శత్రువులు చుట్టుముట్టిన ఒక ఊరికి, "సాయం వస్తోంది, తలుపులు తెరవకండి" అని చెప్పే ఉత్తరం. నలభై రోజులు నడుస్తుంది. గుంటల్లో పడుకుంటుంది, వాగులు ఈదుతుంది. తీరా చేరేసరికి తలుపులు బార్లా తెరిచి ఉంటాయి, ఊళ్ళో పిట్ట కూడా ఉండదు. ఆమె మెట్ల మీద కూలబడుతుంది. ఆట అక్కడికి అయిపోతుంది. "అంతేనా?" అన్నాను విన్నప్పుడు. "అంతే. ఆ పూట మాకిద్దరికీ అన్నం సయించలేదు," అంది మా ఆవిడ.

ఆ మెట్ల మీది మనిషే ఫొటోలోకి రావాలి. రావడం లేదు.

"గడ్డం కొంచెం పైకి," అన్నాను.

"ఆవిడ గడ్డం పైకెత్తదు అన్నయ్యా."

"అయితే దించు. దించి కదలకుండా ఉండు."

ఉండదు. క్లిక్కు క్లిక్కుకీ మధ్య కోటు మీద దూదిపోగులు ఏరుతుంది. కాలర్ సర్దుకుంటుంది. నేను కాలుకాలిన పిల్లిలా మెట్లు ఎక్కుతున్నాను, దిగుతున్నాను. మబ్బుని తిట్టాను, లెన్సుని తిట్టాను, ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు చివరికి ఆ మెట్లనీ తిట్టాను. గడియారంలో ముల్లు మాత్రం తన పని తాను చేసుకుపోతోంది.

మా ఆవిడ షీటు కింద పెట్టింది. "ఏవండీ, నాకో అనుమానం. ఈవిడ నలభై రోజులు నడిచొచ్చిందా, లాండ్రీ నుంచి వచ్చిందా?"

అప్పుడు చూశాను. కోటు చేతుల మీద, భుజం నుంచి మణికట్టు దాకా, ఇస్త్రీ మడత గీత గీసినట్టు నిలబడి ఉంది.

"ఇస్త్రీ చేశావా?" అన్నాను.

"చెయ్యకుండా ఎలా వేసుకుంటాను?"

"గుంటల్లో పడుకున్న మనిషి కోటు మీద ఒక్క మరకైనా లేదేం?"

"మరకుంటే మా కంపెనీలో సరుకు గేటు దాటనివ్వరు కదా," అంది, ఇంత చిన్న విషయం నాకు తెలియదా అన్నట్టు.

నవ్వొచ్చింది, వెంటనే ఆగిపోయింది. నేను చేసింది మాత్రం ఏమిటి? ఎనిమిది నెలల కష్టం, ఒక్క కుట్టు కూడా చీకట్లో పడకూడదని నాలుగు వైపుల నుంచీ వెలుగు పరిచాను. తను పెట్టెతో ఇస్త్రీ చేస్తే నేను వెలుగుతో చేశాను. అన్నాచెల్లెళ్ళం కలిసి ఆ ఉత్తరం మోసే మనిషిని పాస్‌పోర్టు ఫొటోకి ముస్తాబు చేశాం.

మెట్ల కింద పాత వాననీళ్ళు నిలిచి బురదగా ఉంది. అటు చూపించాను. తను ఒక అడుగు వెనక్కి వేసింది.

"పిలిస్తే ఈ కోటే చూపించాలి. మురికి కోటు పట్టుకెళ్ళి చేతిపని చూడండి అంటానా?"

"పిలిస్తే కదా," అంది మా ఆవిడ మెల్లగా.

నాలుగూ ఇరవై అయింది. చెల్లెలు మెట్లు దిగి, కళ్ళు మూసుకుని ఆ బురదలో కూర్చుంది. లేచి వచ్చి నిలబడింది. అంచంతా తడిసి నల్లబడింది. భుజాల దగ్గర మాత్రం ఆ మడత అలాగే ఉంది.

"ఇంకా కొత్తగానే ఉంది," అన్నాను. నోరు జారాను. అనకుండా ఉంటే బాగుండేది.

తను నన్నొకసారి చూసి, సంచిలోంచి బ్లేడు తీసింది. ఎడమ భుజం కుట్టు మీద పెట్టింది. ఆ భుజం చేత్తో కుట్టినది. మూడుసార్లు విప్పి నాలుగోసారి కుట్టింది. ఆ నాలుగోసారికే పంతొమ్మిది రోజులు పట్టింది.

"అక్కడొద్దమ్మా. కింద అంచు చింపు, చాలు."

"నలభై రోజులు సంచి మోస్తే ముందు చిరిగేది భుజమే అన్నయ్యా."

కోసింది. చెయ్యి పెట్టి లాగింది. రాలేదు. తను కుట్టిన కుట్టు అంత గట్టిది. మళ్ళీ కోసింది, మళ్ళీ లాగింది. పోగు వెంట పోగు తెంపుకుంటూ పోయింది. చివరికి కోటు చెయ్యి భుజం నుంచి ఊడి, కింద రెండు పోగుల మీద వేలాడింది. తను మెట్టు మీద కూలబడి దాని వంక చూసింది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. చప్పుడు లేదు, కన్నీళ్ళు మాత్రం కారుతున్నాయి. బ్లేడు పట్టుకున్న చేతిని ఏం చెయ్యాలో తెలియనట్టు గాల్లోనే ఉంచింది.

మా ఆవిడ తన దగ్గరికి వెళ్ళబోయింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను. రెండో చేత్తో బటన్ నొక్కాను.

షీటు లేదు, సర్దిన వెలుగు లేదు. మొహం సగం, కోటు ముప్పాతిక వంతు చీకట్లోనే ఉన్నాయి. మూడుసార్లు నొక్కాను. మా ఆవిడ నా చెయ్యి తోసేసి వెళ్ళి తన పక్కన కూర్చుంది. వెళ్తూ నా వంక చూసిన ఆ చూపుకి నేను తగినవాణ్ణే.

స్టూడియోకి వచ్చి ఫొటో తెరిచాను. అలవాటుకొద్దీ మొహం మీద వెలుగు పెంచబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఏమీ ముట్టుకోకుండా ఆరుకి పది నిమిషాలుండగా పంపేశాను. "బాగుందా?" అని అడిగింది చెల్లెలు, చూడకుండానే. "పంపాను," అన్నాను.

ఆ తర్వాత మూడు వారాలు నాకు ఎక్కడా కుదురు లేదు. స్టూడియోలో ఎవరి మొహం సరిచేస్తున్నా ఆ మెట్లే కనిపించేవి. నాన్న పోయినప్పుడు కూడా నేనే తన భుజం పట్టుకుని నిలబెట్టాను. అలాంటివాణ్ణి, చెల్లెలు ఏడుస్తుంటే ఫోకస్ సరిచూసుకున్నాను. సిగ్గుగా ఉండేది. తను ఇంటికొస్తే ఏదో పని ఉన్నట్టు లేచిపోయేవాణ్ణి.

పిలుపు వచ్చింది. కోటుతో సహా రమ్మన్నారు. భుజం కుట్టుకుని వెళ్ళమని బతిమాలాను. "ఫొటోలో ఉన్న కోటే తీసుకెళ్తాను," అంది. అరికాలి మంట నెత్తికెక్కింది గానీ, ఏ మొహం పెట్టుకుని అంటాను?

తను వర్క్‌షాప్ లోపలికి వెళ్ళాక ఎదురు పేవ్‌మెంట్ మీద రెండు గంటలు అటూ ఇటూ తిరిగాను. బయటికి వచ్చేటప్పుడు తన చేతులు ఖాళీగా ఉన్నాయి.

"కోటేది?"

"వాళ్ళే ఉంచుకున్నారు."

"మరి నిన్ను?"

"సోమవారం నుంచి రమ్మన్నారు. కటింగ్ టేబుల్ దగ్గర." ఊపిరి తీసుకుంది. "అక్కడొక పెద్దావిడ ఆ చిరుగులో వేలు పెట్టి, లోపల లైనింగ్ తిప్పి, కుట్లు లెక్కపెట్టింది అన్నయ్యా. చిరగకపోతే లోపలి పని ఎవరికీ కనపడేది కాదట."

బస్‌స్టాప్ దాకా ఇద్దరం నడిచాం. ఇక పట్టలేక అనేశాను.

"ఆ రోజు నువ్వు ఏడుస్తుంటే ముందు నీ దగ్గరికి రావాల్సింది. రాలేదు. వచ్చే మీ వదినని కూడా ఆపాను. అప్పట్నుంచీ నీ మొహం చూడలేకపోతున్నాను."

తను రోడ్డు వైపు చూస్తూ నిలబడింది.

"కెమెరా చప్పుడు విన్నాను అన్నయ్యా," అంది. "అందుకే కళ్ళు తుడుచుకోలేదు."