తలుపు మీది సుద్ద గుర్తు

పాకిస్తాన్‌లోని మర్దాన్‌లో గుల్‌మకై అవ్వ ఇంటి తలుపు మీద సుద్ద గుర్తు ఇంకా చెరగలేదు. పిల్లాడికి పోలియో చుక్కలు వేశామని పోయిన నెల ఆ గుర్తు పెట్టింది, ఇల్లిల్లూ తిరిగి చుక్కలు వేసే షాపేరై. అది అబద్ధం. "చుక్కలొద్దు, వేలికి సిరా పూసి పో" అని అవ్వ పట్టుబట్టింది. గొడవెందుకని షాపేరై, అవ్వ మనవడు తోర్యాలై చిటికెన వేలికి సిరా మాత్రమే పూసి వెళ్లిపోయింది.

ఇవాళ ఆమె కప్పుకున్న చాదరు అంచుతో ఆ గుర్తు తుడిచేసి, తలుపు తట్టింది.

"మళ్లీ వచ్చావేం పిల్లా? మా ఇంటి టీ రుచి మరిగావా?" అంది అవ్వ.

"పక్క వీధిలో ఓ బాబుకి కాలు చచ్చుబడిందవ్వా. ఇక్కడ నేను చేసింది ఆఫీసులో చెప్పేశాను."

"పిచ్చిదానా! ఉద్యోగం ఊడుతుందే!"

"ఊడితే ఊడనీ. ఈ మందు పెట్టె లాక్కునేలోగా మీవాడికి రెండు చుక్కలు వేయనివ్వు."

ఈ చుక్కలవాళ్లు జీతం కోసమే ఇల్లిల్లూ తిరుగుతారని ఇన్నాళ్లూ వీధంతా చాటింది అవ్వే.

లోపలికెళ్లి మనవణ్ణి ఎత్తుకొచ్చింది. ఒళ్లో పడుకోబెట్టుకుని, బుగ్గలు నొక్కి వాడి నోరు తెరిచింది.

"ముందు చుక్కలు వెయ్యి. సిరా సంగతి తర్వాత," అంది.