ఎండాకుల దుప్పటి

అన్యాయం జరిగింది ఎవరికి? రాజలింగానికి. ఎలా? మరొకడి తప్పు అతడి తలకు చుట్టి, చావుబతుకుల్లో ఉన్న భార్య దగ్గరకు వెళ్లడానికి మంజూరైన రెండు నెలల సెలవును రద్దు చేశారు.

గల్ఫ్‌లోని అల్ ఐన్ శివారు తోటలో, జనవరి మధ్యాహ్నం, అతడు అరటిచెట్టుకు గోనె చుడుతున్నాడు. యాభై ఎనిమిదేళ్లవాడు. పురికొస ఒరిపిడికి చూపుడువేలి గీతలు చెరిగిపోయాయి. వేలాడే ఎండాకులను అతడు కోయడు. బోదె వెంబడి కిందికి దువ్వి, పైన గోనె వేసి, గాలాడేలా వదులుగా కడతాడు. ఎడారిలో వేకువన మంచు గడ్డకడితే చెట్టును కాచేవి ఆ ఎండాకులే.

సూపర్‌వైజర్ వెంకట్రావుది గోదావరి జిల్లా. అక్కడ ఎండాకులు కోసి తోటను శుభ్రంగా ఉంచడమే మంచి సేద్యం. రెండేళ్ల కిందట ఇక్కడా అలాగే కోయించాడు. ఒక్క వేకువలో తోటంతా ఉడికినట్టు నల్లబడింది. తోట యజమాని కఫీల్ అడిగితే, రాజలింగం బద్ధకించి గోనెలు కట్టలేదన్నాడు. సెలవు పోయింది. ఇరవై రోజులకు ఊళ్లో భార్య అంజవ్వ పోయింది.

"మా వైపు అరటితోట పెళ్లిపందిరిలా ఉంటదయ్యా. నీది బిచ్చగాళ్ల గుంపులా ఉంది," అన్నాడు వెంకట్రావు.

"పెండ్లిపందిరికి సలి వెట్టది సారూ."

అంతలో కఫీల్ వచ్చాడు. ఎండాకులు చూసి ముఖం చిట్లించాడు. ఆనాడు తోటను చంపింది ఈ బద్ధకమేనని, అన్నీ ఇప్పుడే కోసెయ్యమని కత్తి చాచాడు. రాజలింగం అందుకోలేదు. చెట్టుకు అడ్డంగా నిలబడ్డాడు.

"చెప్పు సారూ. నాకు అరబ్బీ రాదు. నీకొస్తది."

వెంకట్రావు తల దించుకున్నాడు. ఆకులు కోయించింది తానేనని, అబద్ధమాడింది తానేనని అరబ్బీలో చెప్పాడు. అదే మాట మళ్లీ తెలుగులో రాజలింగానికి చెప్పాడు.

కఫీల్ కత్తిని ఇసుకలో గుచ్చాడు. అరబ్బీలో ఏదో అంటే వెంకట్రావు తెలుగులో చెప్పాడు.

"ఆనాటి సెలవు ఇచ్చేస్తాడంట. రెండు నెలలూ. ఒక్క రోజు తగ్గకుండా, రేపటి నుంచే."

"ఇప్పుడా? ఎవల సూడవోవాలె?" రాజలింగం గోనె ముడి బిగించాడు. "అయినా పోత. అది పండుకున్న జాగనన్న సూస్త."

పొద్దు గుంకేలోగా మిగిలిన చెట్లన్నీ కట్టాడు.

తెల్లవారేసరికి ఇసుక మీద మంచు ఉప్పులా పేరుకుంది. గోనెల కింద చెట్లు పచ్చగానే ఉన్నాయి. బాకీపడ్డ అరవై రోజులూ పూర్తిగా చేతికి అందుకుని, రాజలింగం పికప్ ఎక్కి వెళ్లిపోయాడు.

చివరి వరుసలో, గోనె చాలని చిన్న పిలకకు అతడి మంకీ క్యాప్ తొడిగి ఉంది. ముఖం ఉండవలసిన చోటు నుంచి, చుట్ట విప్పని లేతాకు ఒకటి బయటికి వచ్చింది.